తాండ్రలో ట్రైలోబైట్

"మీరెన్నయినా చెప్పండి, తాండ్రలో ఉన్నది బొద్దింకే," అంది బుజ్జమ్మ మొగుడితో, మూడోసారి.

"బొద్దింక కాదే! ట్రైలోబైట్. కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో బతికిన జీవి. గోధుమపిండితో నేనే చేశాను," అన్నాడు బసవపున్నారావు, అదేదో ఊరడింపు మాటైనట్టు.

ఆయన హైస్కూల్లో సైన్సు మేష్టారు. కిందటేడు, అంటే ఎనభై మూడులో, జిల్లా ఎగ్జిబిషన్లో ఆయన అగ్నిపర్వతం పేలలేదు. చూడ్డానికొచ్చినవాళ్ళ నవ్వు మాత్రం పేలింది. ఈసారి బడులు తెరవగానే ప్రైజు కొట్టి తీరాలి. పెరట్లో భార్య చాప మీద రోజుకో పొర చొప్పున రసాల తాండ్ర పోస్తుంటే, ఆయనకందులో రాతిపొరలు కనిపించాయి. ఎనిమిది రోజులూ ఆవిడ అటు తిరగ్గానే, ట్రైలోబైట్ ఎదుగుదల చూపేలా పొరకో పిండిబొమ్మ అద్దేశాడు. అడుగున పెసరబద్దంత పిల్ల, పైన బొటనవేలంత పెద్దది.

గుట్టు బయటపెట్టింది ఆయన తల్లి సుబ్బరత్నమ్మ. రుచి చూద్దామని అంచు కొరికితే, కట్టుడుపళ్ళు తాండ్రలోనే ఉండిపోయాయి.

"దిగులుపడకమ్మా. ట్రైలోబైట్‌కైనా పాత పెంకు ఊడితేనే పెరుగుదల."

"నాదింకా పెరిగే వయసుట్రా?" అందావిడ బోసినోటితో. పిల్లలిద్దరూ పడీపడీ నవ్వారు.

ఇక లాభంలేదని మేష్టారు పాఠం మొదలెట్టాడు. "పుట్టినప్పుడు ఒంటికంతా ఒకటే పెంకు. తర్వాత తలా తోకా విడివడతాయి. ఒళ్ళు ఇరుకైనప్పుడల్లా పెంకు విడుస్తుంది. విడిచాక తోకకి ముందు, నడుములో, కొత్త మడత చేరుతుంది. లెక్క నిండాక మడతలు ఆగుతాయి, ఒళ్ళు మాత్రం పెరుగుతుంది."

"మీ నడుముకింకా లెక్క నిండినట్టు లేదు," అంటూ బుజ్జమ్మ తాండ్ర అంచు ఎత్తి చూసింది. "అవునండీ, ఒక్కో రాతిపొరకి ఎన్నాళ్ళు పడుతుంది?"

"వేల ఏళ్ళు!" అన్నాడు ఉత్సాహంగా.

"ఈ పెంకులన్నీ ఒక్క పురుగువేగా? పసితనపు చొక్కా అడుగుపొరలో విప్పి, పెద్దయినప్పటిది పైపొరలో విప్పిందంటే, మధ్యలో వేల ఏళ్ళూ పెరుగుతూనే కూర్చుందా? పిల్లవీ పెద్దవీ ఒక్క పొరలోనే దొరకొద్దూ?"

పేలని అగ్నిపర్వతం మేష్టారి కళ్ళముందు కదిలింది. ఎగ్జిబిషన్లో ఈ ప్రశ్న జడ్జీలు అడిగితే?

మధ్యాహ్నం ముద్దపప్పులో ఆవకాయ కలుపుతూ, తలెత్తకుండానే పిల్లలతో మెల్లిగా చెప్పాడు.

"రేపట్నించి తాండ్ర నేను పోస్తాను. కాకుల్నీ నేనే తోలతాను. ఎగ్జిబిషన్లో పాఠం మాత్రం మీ అమ్మ చెబుతుంది."