హంతకురాళ్ళకు గట్టి అట్టలు

ఆ ఉదయం బైండరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడు పుస్తకాలకు గట్టి అట్టలు వేయడం, కడుపునిండా తినడం, ఓ కునుకు తీయడం. అట్టలు పడ్డాయి. కునుకు మాత్రం ఆ నెలంతా దక్కలేదు.

పుస్తకాలు కూతురి బడివి. జపాను బొమ్మల కథలు, మాంగా అంటారు. బళ్ళో చదువుకుంటూనే కిరాయి హత్యలు చేసే నలుగురు ఆడపిల్లల కథ. పిల్లల పఠన సంఘానికి కూతురే పెద్ద. ఏడాదిపాటు వెంటపడి, మొదటి మూడు భాగాలు కొనడానికి బడి పెద్ద మేడమ్‌ని ఒప్పించింది. "మొదటి భాగం నేను చదువుతాను. నచ్చలేదో, పుస్తకాలతో పాటు మీ సంఘం కూడా మూత" అని ఆవిడ ముందే చెప్పేసింది. గట్టి అట్ట లేని పుస్తకాన్ని ఆవిడ ముట్టదు.

బైండరు మొదటి పుస్తకం తెరవగానే "ఆగండి! ఇటునుంచి చదవకండి" అని కనిపించింది. దాని వెనకే "ముగింపు". పుస్తకం పేరేమో ఆఖరున ఉంది. ఆయనకు ఒళ్ళు మండింది.

"వీళ్ళ చేతులు పడిపోనూ! తిరగేసి కుట్టారు! పైగా చదవొద్దని చీటీ కూడానా? అంటే తప్పని వాళ్ళకీ తెలుసు! తెలిసి మరీ అమ్మారు!"

"మీకెందుకండీ? ఇచ్చింది ఇచ్చినట్టు అట్టేసి పంపండి," అంది భార్య లోపల్నించి.

"తప్పు పుస్తకం నా చేతిమీదుగా వెళ్ళాలా? ముప్పై ఏళ్ళ పరువు నాది!"

పేరున్న పేజీ కోసి ముందుకు తెచ్చాడు. ముగింపును వెనక్కి పంపాడు. మధ్య పేజీల జోలికి పోలేదు. "ఆగండి" మీద మందపాటి కాగితం అంటించేశాడు. మిగతా రెంటికీ అదే వైద్యం చేసి, పళ్ళు కొరుకుతూనే వెళ్ళి బళ్ళో ఇచ్చి వచ్చాడు.

సాయంత్రం కూతురు వచ్చింది. ఆయన చేసిన ఘనకార్యం విని సంచీ నేలకేసి కొట్టింది.

"జపాను పుస్తకం కుడివైపు నుంచే మొదలవుతుంది నాన్నా! అది తప్పు కాదు, పద్ధతి! తాటికాయంత అక్షరాలతో రాశారు కదా!"

"అదా... అంటించేశాను."

"మేడమ్ తెరవగానే గదినిండా శవాలు కనిపిస్తాయి! అది ఆఖరి పోరాటం! నా సంఘం గోవిందా!"

"శవాలన్నాక ఎటునుంచి చూసినా శవాలేగా!"

"ఇచ్చింది ఇచ్చినట్టు పంపమన్నానా లేదా?" అంటూ భార్య గరిటెతో సహా వచ్చింది. ఆ తర్వాత ముగ్గురూ ఒకేసారి అరిచారు కాబట్టి ఎవరేమన్నారో ఎవరికీ తెలియదు. ఆ పూట అన్నం మాత్రం ఎవరూ ముట్టలేదు.

తెల్లారగానే తండ్రీ కూతుళ్ళు బడికి పరిగెత్తారు. పెద్ద మేడమ్ ముఖం కందగడ్డలా ఉంది. బల్లమీద మొదటి భాగం.

"ఇది హత్యల కథ అని నాకు చెప్పిన టీచర్లందర్నీ ఇప్పుడే పిలిపించి దులిపేశాను! చదవకుండా నోటికొచ్చినట్టు వాగడమే!"

కూతురు ఏదో చెప్పబోయింది. మేడమ్ వినిపించుకోలేదు.

"మొదట్లో శవాలు చూసి నేనూ అగ్గిమీద గుగ్గిలమయ్యాను. కానీ ఆ పిల్లలొచ్చి ఒక్కొక్కరి గుండెల్లోంచి కత్తులు లాగేస్తారు! చచ్చినవాళ్ళు లేచి కూర్చుంటారు. గాయాలు మాయం! తర్వాత వాళ్ళని గుమ్మం దాకా సాగనంపి, ఆయుధాలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. చివరికి బుద్ధిగా తరగతిలో కూర్చుని లెక్కలు చేసుకుంటారు. ఇంతకన్నా మంచి కథ ఉంటుందా? నీ సంఘానికి ఢోకా లేదు, పో."

బైండరు నిజాయితీపరుడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. "మేడమ్, తప్పు నాదండీ. ఆ పేజీలు..." అనబోయాడు. కూతురు ఆయన కాలు కసిగా తొక్కింది.

"పేజీలకేం? భేషుగ్గా ఉన్నాయి. మిగతా తొమ్మిది భాగాలూ తెప్పిస్తున్నాను. అన్నీ అచ్చం ఇలాగే ఉండాలి. ఒక్క పేజీ అటూ ఇటూ అయిందా, ఊరుకునేది లేదు!"

ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పు పుస్తకం కూడా బయటికి పంపని బైండరు, ఆ నెలలో పళ్ళు కొరుకుతూ మరో తొమ్మిది పంపాడు.