ముద్ర పడిన కాటా

షావుకారు వెంకటరామారావుగారి కాటా ఎన్నడూ తప్పు తూచలేదు. సర్కారు ముద్ర పడిన కాటా తప్పెలా తూస్తుంది? ఏన్కూరు అవతలి అడవి పల్లెల చింతపండు, ఇప్పపువ్వు పన్నెండేళ్లుగా దానిమీదికి ఎక్కడమే ఆలస్యం, చిక్కిపోతున్నాయి. అడవి సరుకు తత్వమే అంతని పెద్దలు తేల్చారు.

1986 వేసవిలో ఏన్కూరు బడిలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టారు. కడుపు కోయరట. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి దుర్భిణి దించుతారట, సాయంత్రానికి ఇంటికి పొమ్మంటారట. ఈ మాట విని భీమక్కకు ప్రాణం లేచొచ్చింది. నాలుగో కాన్పులో ఆమె చావు తప్పి బయటపడింది. ఐదోది వస్తే నువ్వు దక్కవని మంత్రసాని ముఖానే చెప్పింది. అందుకే తన అడవి పల్లె నుంచి పది మైళ్లు నడిచి వచ్చింది.

డాక్టర్ నిర్మలాదేవిగారి నియమం ఒక్కటే. ముప్పై అయిదు కిలోలకు తక్కువైతే మత్తుకు తట్టుకోరు, డెబ్బై దాటితే కొవ్వులో దుర్భిణికి దారి దొరకదు. దవాఖానా తూకం యంత్రం దారిలో జీపులోంచి పడి విరిగింది. వెంకటరామారావుగారు ఉదారంగా తన కాటా పంపించారు.

భీమక్క ముప్పై మూడు తూగింది.

"పాలు తాగు, గుడ్లు తిను, వచ్చే ఏడు రా" అన్నారు డాక్టరమ్మ.

"నేను మంచిగనే ఉన్ననమ్మా. గీ కాటా ఎక్కితే మా చింతపండు గూడ గిట్లనే బక్కగైతది" అంది భీమక్క.

వెంకటరామారావుగారు నొచ్చుకుని లేచారు. "ఈ కాటాను శంకించడమంటే ప్రభుత్వాన్ని శంకించడమే. నిరూపణకు నా ధర్మపత్నినే ఎక్కిస్తున్నాను."

ఖమ్మంలో ఎనభై నాలుగు తూగిన పద్మావతమ్మగారు ఇక్కడ అరవై తొమ్మిదే తూగారు. ఒక్కపూటలో పదిహేను కిలోలు తగ్గిన సంబరంలో ఆవిడ అక్కడికక్కడే ఆపరేషన్‌కు ఒప్పేసుకున్నారు. దుర్భిణి గంటన్నర వెతికింది, ఏమీ కనబడలేదు. చివరకు పాత పద్ధతిలో కడుపు కోసి పధ్నాలుగు కుట్లు వేశారు. శిబిరం దిగ్విజయమైంది.

ఈ ప్రాంతపు స్త్రీలకు అరవై తొమ్మిది కిలోలకే అసాధారణంగా కొవ్వు పడుతుందని డాక్టరమ్మ హైదరాబాదు సభలో పత్రం చదివి శాలువా కప్పించుకున్నారు. గరిష్ఠ బరువు డెబ్బై నుంచి అరవైకి దించారు. కాటా జోలికి ఎవరూ పోలేదు.

మరుసటి వేసవిలో భీమక్క మళ్లీ నడిచి వచ్చి అదే కాటా ఎక్కింది. అందరి చూపూ కాటా మీదే. ముప్పై ఎనిమిది. వెంకటరామారావుగారు చప్పట్లు కొట్టించారు.

"చూశావా, నా మాట వింటే ఎంత మేలో" అన్నారు డాక్టరమ్మ మురిసిపోతూ.

భీమక్క కాటా దిగింది. "ఏడో నెల, డాక్టరమ్మా" అంది.

రిజిస్టరులో అప్పటికే 'బరువు సంతృప్తికరం' అని రాసేశారు. సర్కారు కాగితంలో కొట్టివేతలు ఉండకూడదు గనుక దాన్ని అలాగే ఉంచారు.