కార్డెల్ ఫాల్స్ కొంగలకు ఏం కావాలి?

ఆగస్టు రెండో మంగళవారం పొద్దున్న వెర్నా వేసుకున్న పథకం చాలా మామూలుది. తొమ్మిదింటికల్లా ఇరవై ఐదుగురు ఆటగాళ్ల చొక్కాలూ ప్యాంట్లూ రెండు వాయిలుగా ఉతికేయాలి. పదింటికి పళ్ల డాక్టరు దగ్గరికెళ్లి కుడి దవడ పన్ను పీకించుకోవాలి. మధ్యాహ్నం తిరిగొచ్చి ఇస్త్రీలు ముగించి, సాయంత్రం ఆటకు చొక్కాలన్నీ కొక్కేలకు తగిలించాలి. కార్డెల్ ఫాల్స్ బేస్‌బాల్ మైదానంలో ఇరవై రెండేళ్లుగా బట్టలుతుకుతున్న మనిషికి ఇది పెద్ద లెక్కలోది కాదు.

ఆ ఊరి జట్టు పేరు కొంగలు. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ నిజం కొంగలకు అన్యాయం చేశాడు. అసలు కొంగ ఒంటికాలి మీద నిలబడైనా చేపను పట్టుకుంటుంది. వీళ్లు రెండు కాళ్ల మీద నిలబడి, చేతికి అంత పెద్ద తోలు తొడుగు వేసుకుని, దాన్లోకి వచ్చి పడిన బంతిని కూడా వదిలేస్తారు. ఆ మంగళవారం నాటికి వరసగా పద్నాలుగు ఆటలు ఓడిపోయి ఉన్నారు. ఏడాది చివర లీగు గెలిచిన జట్టు జెండా ఎగరెయ్యాల్సిన కర్ర మైదానం చివర ముప్పై ఒక్క ఏళ్లుగా బోడిగా నిలబడి ఉంది. పావురాలు తప్ప దాని వంక చూసేవాళ్లు లేరు, ఒక్క వెర్నా తప్ప. ఆమె బట్టలుతికే గది కిటికీ సరిగ్గా మైదానంలోకి తెరుచుకుంటుంది. ఇరవై రెండేళ్లలో ఒక్క ఆట వదలకుండా ఆ కిటికీలోంచి చూసింది. పని మానేసేలోగా ఆ కర్ర మీద ఒక్కసారి జెండా చూడాలి, అదొక్కటే ఆమె కోరిక.

ముందురోజే ఈ ఓటముల మీద పెద్ద సమావేశం జరిగింది. జట్టు యజమాని బర్నెల్ హాచ్ పరుపుల వ్యాపారి. ఆయనకు బేస్‌బాల్ గురించి తెలిసినదంతా పరుపు మీద పడుకుని టీవీలో చూసినదే. పక్కన మ్యానేజరు గస్ పెట్రికా, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ పొట్టు ఉమ్ముతూ కూర్చున్నాడు. కొలంబస్ నగరం నుంచి రప్పించిన సలహాదారు ప్రెస్టన్ లాప్‌టాప్ తెరుచుకున్నాడు.

"మన టీమ్ పైకి రావాలంటే ఏం కావాలయ్యా? సూటిగా చెప్పండి," అన్నాడు హాచ్.

"బంతి ఎగిరే కోణం మూడు డిగ్రీలు పెరగాలి సార్," అన్నాడు ప్రెస్టన్.

"గుండె కావాలి సార్. గుండె!" అని గస్ గుండె మీద కొట్టుకున్నాడు. రెండు గింజలు బల్ల మీద పడ్డాయి.

"నాకు మాత్రం, జనం ముందు గంతులేసేవాడి కొంగ వేషం పాతబడిందనిపిస్తోంది. ముక్కు ఇంకో జానెడు పొడుగు చేయిస్తే?" అన్నాడు హాచ్. మిగతా ఇద్దరూ తానా అంటే తందానా అన్నారు.

తువ్వాళ్లు ఏరుకోవడానికి వచ్చిన వెర్నా ఊరుకోలేకపోయింది. "సార్, మన పిచర్ క్లేటన్ ఉన్నాడు చూడండి, వంపు బంతి విసిరే ముందు ప్రతిసారీ నాలుక బయట పెడుతున్నాడు. అవతలివాళ్లు అది చూసుకుని కొట్టేస్తున్నారు. ముందు ఆ నాలుక సంగతి చూడండి."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. హాచ్‌కి అయితే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నువ్వు మరకల సంగతి చూడు వెర్నా, నాలుకల సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. కొలంబస్ చెట్టు కావాలి, దానికి లాప్‌టాప్ ఉండాలి.

ఇక మంగళవారం. వెర్నా మొదటి వాయి వేసి మీట నొక్కింది. వాషింగ్ మెషీన్ ఒకసారి గుర్రుమంది, రెండుసార్లు మూలిగింది, ఆగిపోయింది. నీళ్లు కూడా పట్టలేదు. ఆమె హాచ్‌కి ఫోన్ చేసింది.

"మెషీన్ పోయింది సార్. మే నెలలోనే చెప్పాను, మార్పించమని."

"టీమ్‌కి ఏం కావాలో తెలియక నేను ఛస్తుంటే మధ్యలో నీ మెషీన్ గోలేంటి? ఓడిపోయేవాళ్లకి ఇస్త్రీ చొక్కాలెందుకు? ఒక్కరోజు అలాగే తొడుక్కుంటారులే!"

వెర్నా ముందురోజు ఆటలో అంటిన మట్టి, చెమట, ఆవాల పచ్చడి మరకలతో సహా చొక్కాలను కొక్కేలకు తగిలించి పన్ను పీకించుకోవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి దవడ వాచింది. దానికన్నా ఎక్కువగా ఒళ్లు మండుతోంది. ఇరవై రెండేళ్లలో మురికి చొక్కా తొడిగి ఎవర్నీ మైదానంలోకి పంపలేదు ఆమె. పైగా నిన్నటి నవ్వు ఇంకా చెవుల్లో మోగుతోంది. కుట్టుపని డబ్బాలోంచి సుద్దముక్క తీసి, క్లేటన్ టోపీ లోపల పెద్ద అక్షరాలతో రాసింది: "నాలుక లోపల." క్లేటన్‌కి బంతి విసిరే ముందు టోపీ తీసి నుదురు తుడుచుకోవడం అలవాటు. విసిరినన్నిసార్లూ చదవక తప్పదు.

ఆరోజు కొంగలు ఆరు పరుగులు చేసి, అవతలివాళ్లకు ఒక్కటి కూడా ఇవ్వకుండా గెలిచాయి.

ఆట అయ్యాక గదిలో ఒక్కరూ స్నానానికి లేవలేదు. బేస్‌బాల్ వాళ్లకొక పట్టింపు ఉంది. గెలిచిన రోజు ఏం చేశారో మర్నాడూ అదే చెయ్యాలి, ఒక్కటి మార్చినా అరిష్టం. ఎడమ మేజోడు ముందు తొడుక్కుని గెలిచినవాడు ఓడేదాకా ఎడమదే ముందు తొడుగుతాడు. వీళ్లకి రెండు వారాలుగా గెలుపన్నది లేదు గనక ఏం చేశారో గుర్తుచేసుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"నేను పొద్దున్నే అట్లు తిన్నా."

"నువ్వు రోజూ తింటావు, రోజూ ఓడాం. వేరే చెప్పు."

"ఒరేయ్," అని లేచాడు క్యాచర్ మతేయో. మనిషి బీరువా అంత ఉంటాడు. తన చొక్కా తానే వాసన చూసుకుని, "ఇవాళ బట్టలు ఉతకలేదురా!" అన్నాడు. అంతే, దేవుడు ప్రత్యక్షమైనట్టు అందరూ లేచి చేతులు జోడించారు.

బుధవారం పొద్దున్న వెర్నా బట్టలన్నీ గంపలకెత్తి ఊళ్లోని నాణేలు వేస్తే నడిచే లాండ్రీకి తీసుకెళ్లబోతే మతేయో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ముట్టుకోకు వెర్నమ్మా! నీకు దణ్ణం పెడతా!"

"కంపు కొడుతున్నారు నాయనా."

"అది కంపు కాదమ్మా, గెలుపు!"

వెర్నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. గంప దించి సుద్దముక్క తీసుకుంది. చెమటకి నిన్నటి రాత చెరిగిపోయింది కనుక మళ్లీ రాసింది. క్లేటన్ విసరని రోజుల్లో మిగతావాళ్ల టోపీలకు పని పెట్టింది. ఒకడికి "రెండడుగులు ముందుకు రా, బంతి కరవదు" అని, ఇంకొకడికి "మొదటి బంతికే ఊగిపోకు" అని. కొంగలు గెలిచాయి. మళ్లీ గెలిచాయి. నాలుగో గెలుపు తర్వాత క్లేటన్ మ్యానేజరు దగ్గరికెళ్లి, "టోపీలో మీరు రాస్తున్నవి భలే పనిచేస్తున్నాయి బాస్," అన్నాడు.

గస్‌కి ఏ టోపీయో, ఏ రాతో ఏమీ తెలియదు. తెలియదని చెబితే గస్ ఎందుకవుతాడు? పొట్టు ఉమ్మి, "అందుకేరా నన్ను మ్యానేజర్ అనేది," అన్నాడు.

ఇదంతా వెర్నా తలుపు చాటునే వింది. చెబుదామా అనుకుంది. చెబితే మళ్లీ నవ్వుతారు, నవ్వినవాళ్లు టోపీ లోపల చూడటం మానేస్తారు. పేరు వాడికే పోనీ, జెండా వస్తే చాలనుకుంది.

తొమ్మిది గెలుపులయ్యేసరికి ఊరు ఊరంతా వెర్రెక్కిపోయింది. మంగలి తువ్వాళ్లు ఉతకడం మానేశాడు. బ్యాంకు గుమాస్తా వారం కింద సాసు పడ్డ టైతోనే కిటికీలో కూర్చున్నాడు. చర్చిలో పాడేవాళ్లు అవే గౌన్లతో రెండు ఆదివారాలు పాడితే, పాస్టరు ప్రసంగం ఆరు నిమిషాల్లో ముగించి బయటికి పరుగెత్తాడు. మైదానంలో క్యాచర్ వెనకాలే నిలబడాల్సిన అంపైరు ముక్కు కింద జలుబు మందు దట్టంగా పూసుకుని వచ్చాడు. మొదటి బేసు కాపలావాడి వెనక జేబులో ఏనాటిదో చేప శాండ్‌విచ్ ఉండిపోయింది. అదీ తీయడానికి వీల్లేదన్నారు. ఆ బేసుదాకా పరుగెత్తి చేరిన అవతలి జట్టు ఆటగాడు ఒకడు, "నన్ను అవుట్ చేసెయ్యండి బాబూ, పోతాను," అని బతిమాలాడు.

ప్రెస్టన్ ఒక గ్రాఫు గీశాడు. ఉతక్కుండా గడిచిన రోజులు పెరిగేకొద్దీ గెలుపులు పెరుగుతున్నాయి, అదిగో గీత, చూసుకోండి అన్నాడు. కాకి వాలిందీ తాటిపండు పడిందీ ఒకేసారి జరిగితే, కాకికి జీతమిచ్చి ఇంకో చెట్టు మీద వాలమనే రకం వీడు. హాచ్ ఊరి రేడియోలో మాట్లాడుతూ, "మెషీన్ బాగుచేయించకూడదన్న నిర్ణయం నాదే," అని గొంతు సవరించుకున్నాడు.

పదమూడో గెలుపు మర్నాడు ఆయన వెర్నాను పిలిచాడు. బల్ల మీద రిబ్బను కట్టిన డబ్బా ఒకటి ఉంది.

"వెర్నా, నిన్నో మాటడుగుతా. మన గెలుపుకి కారణమేంటి?"

ఆమె నోరు తెరవబోయింది.

"ఉతక్కపోవడం!" అని ఆయనే చెప్పేశాడు. "ఇంక ఉతికేదే లేనప్పుడు ఉతికే మనిషి ఎందుకో చెప్పు? నువ్వేమీ మనసులో పెట్టుకోకు. టీమ్ కోసం ఎవరి త్యాగం వాళ్లు చెయ్యాలి."

"ఇంకో వారంలో జెండా ఆట ఉంది సార్," అంది వెర్నా. "అదయ్యేదాకా ఉండనివ్వండి. జీతం ఇవ్వకపోయినా సరే."

"అమ్మో! అలవాటుకొద్దీ నువ్వు ఏ చొక్కానో తడిపేస్తే? ఇదిగో, మా అందరి గుర్తుగా." డబ్బా ముందుకు తోశాడు. లోపల రోజా వాసన సబ్బులు ఆరు ఉన్నాయి.

ఆమె కుట్టుపని డబ్బా చంకన పెట్టుకుని, బోడి కర్ర వంక ఒకసారి చూసి, వచ్చే ఏడుపు ఆపుకుంటూ బస్సెక్కింది. సబ్బులు బల్ల మీదే వదిలేసింది. నది అవతల ప్రాక్టర్ మిల్స్ ఊళ్లో బీవర్లనే జట్టు ఉంది. జెండాకి పోటీ పడుతున్నది వాళ్లే. వాళ్ల చాకలామె జూన్‌లోనే పని మానేసింది. ఆరోజు మధ్యాహ్నానికే వెర్నా వాళ్ల గదిలో గంజి కలుపుతోంది. ఆ గదికీ మైదానం వైపు కిటికీ ఉంది.

ఇక్కడ క్లేటన్ టోపీ తీసి చూస్తే లోపల ఖాళీ.

"బాస్, ఇవాళ ఏమీ రాయలేదేంటి?"

గస్ గింజలు నమలడం ఆపాడు. పెన్ను తీసి, టోపీ లోపల తానే రాసిచ్చాడు: "గెలువు." ఆ రోజుకి క్లేటన్ నాలుక మళ్లీ బయటికొచ్చింది. ముందుకు రమ్మన్నవాడు మళ్లీ వెనక్కి పోయాడు. అయిదు ఆటల్లో నాలుగు ఓడారు. చొక్కాలు సరిపోయినంత మురికిగా లేవని ప్రెస్టన్ తేల్చి, ఆటకు ముందు అందర్నీ మట్టిలో దొర్లించాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఓడిన ప్రతివాడూ పక్కవాడి మీద ఎవడో రహస్యంగా స్నానం చేశాడని అనుమానపడ్డాడు.

సెప్టెంబరు మొదటి ఆదివారం ప్రాక్టర్ మిల్స్‌లో చివరి ఆట. గెలిచినవాళ్లదే జెండా. బీవర్లు మల్లెపూలలాంటి చొక్కాల్లో, మడత నలగకుండా వచ్చారు. కొంగలు దిగిన బస్సును డ్రైవరు ఊరి బయటే ఆపి కిటికీలన్నీ తెరిచి పెట్టాడు. క్లేటన్ నాలుక గురించి వెర్నా బీవర్లకు ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. లీగు మొత్తంలో ఆ సంగతి తెలియనిది కార్డెల్ ఫాల్స్‌కే. నాలుగో భాగంలో ఇరవై నిమిషాలు వాన పడి ఆగింది. ఆట ముగిసేసరికి బీవర్లవి పదకొండు పరుగులు, కొంగలవి రెండు.

జెండా ఎగిరింది. వెర్నా కిటికీలోంచి చూసింది. ముప్పై ఒక్క ఏళ్ల బోడి కర్ర మీద కాదు, వేరే ఊరి కర్ర మీద. ఆ ముక్క ముల్లులా గుచ్చుకుంది. అయినా చప్పట్లు కొట్టింది.

క్లేటన్‌తో చెయ్యి కలిపేటప్పుడు బీవర్ల పిచర్ టోపీ తీశాడు. లోపల సుద్దతో, కుడివైపుకు వాలిన ఎరిగిన అక్షరాలు: "తొందరపడకు నాయనా." క్లేటన్ ఒక్క పరుగున కిటికీ దగ్గరికొచ్చాడు.

"వెర్నమ్మా! మా టోపీల్లో రాసింది నువ్వా?"

"ముందు నాలుక లోపల పెట్టుకుని మాట్లాడు," అంది వెర్నా.

సోమవారం మళ్లీ సమావేశం. ఏడాది మొత్తం మీద మొదటిసారి ఒక ఆటగాడు దానికి వచ్చాడు. క్లేటన్ టోపీ చేత్తో పట్టుకుని జరిగిందంతా చెప్పాడు. సుద్దముక్కతో సహా చెప్పాడు. "ఆవిణ్ణి వెనక్కి పిలవండి సార్. మనకి కావాల్సింది ఆవిడే."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత పగలబడి నవ్వారు. గస్ అందరికన్నా గట్టిగా, అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు. ప్రెస్టన్ కళ్లు తుడుచుకుని లాప్‌టాప్ ఇటు తిప్పి, నాలుగో భాగంలో పడిన వానను వేలితో చూపించాడు. ఇరవై నిమిషాల వాన. అంటే ఇరవై నిమిషాల ఉతుకు.

జట్టుకు కావలసింది మైదానానికి పైకప్పు అని ఆ పూట ఏకగ్రీవంగా తీర్మానించారు.