పిన్నిని దించిన యుద్ధము

ముందుగా సిగ్నలుకు దండము. ఉన్నదని నమ్ముకొన్నంతసేపు మాయమగుటయు, లేదని విసిగి ఫోనును మంచముపై పారవేసిన మరుక్షణమున నిండుగా వెలుగుటయు నీ లీల గనుక, ఓ గగనసంచారిణీ, ఈ కథ ముగియువరకైనను గీతలు తగ్గక నిలువుము. నీ పుణ్యముండును.

ప్రచండమార్తాండుడు వ్యాను స్టాండు రేకులపై నిప్పులు చెరుగుచు, క్రిందనున్న వ్యాన్ల సీట్లను పెనములుగా మార్చుచుండగా, బడులకు సెలవులిచ్చిన కారణమున ఇంటింట పిల్లలు పెద్దల ప్రాణములు తోడుచుండగా, "ఎక్కడికైనా పోదాం పదండి" అను ఆక్రందనము దశదిశలను నింపుచున్న ఆ ఘోరగ్రీష్మమునందు, నీలిరంగు వ్యానులో స్టీరింగుపై గడ్డమానించి, కర్ణభేదనహారన్నాదభీకరుడు, గుంతలమార్గవిశారదుడు, "చిల్లర లేదు" అనుటలో అద్వితీయుడు నగు మన కథానాయకుడు ఫోను వంక చూచుచుండెను. అతనిని స్టాండులో అందరును హారన్ అని పిలుతురు. కన్నవారు పెట్టిన పేరు వేరొకటి కలదు గాని, పెళ్లిపత్రికలో అచ్చయిన పిదప దానితో ఎవరికిని పని పడలేదు.

ఆ ఫోనులో అతడు వెదకుచున్నదేమనగా, ఒక్క అతిథి. ఊరి వెలుపల సరస్సు ఒడ్డున రెండు గదులు, ఒక వసారా, తలుపు మూయుటకు భుజబలము వలయు స్నానాలగది గల బుల్లి ఇల్లొకటి ఉండెను. పెదనాన్న పోవుచు దానిని హారన్‌కును, అతని అన్నకును ఉమ్మడిగా ఇచ్చిపోయెను. ఆ అన్న సిమెంటు వ్యాపారి, బస్తాసహస్రాధిపతి, ధూళిధూసరవిగ్రహుడు. ఆయన కంటికి ఇల్లు ఇల్లుగా కనబడదు, బస్తాలు తడవని చోటుగా కనబడును. హారన్ భార్యయో, పేట మొత్తమునకు పేరు మోసిన టైలరమ్మ, కర్తరీసూచికాయుధధారిణి. సెలవులకు వచ్చువారికి ఆ ఇంటిని అద్దెకిచ్చి నడుపవలెనని ఆమెకు ప్రాణము.

"బావగారూ, ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల కొలతలకే కుట్టాను," అని ఆమె అడిగెను. "ఈ ఒక్కటీ నా కొలతకి కుట్టుకోనివ్వండి."

సిమెంటుసార్వభౌముడు మీసము మీది తెల్లదుమ్మును తుడిచికొని, కులపర్వతములు కంపించునట్లు (అనగా బల్లమీది టీగ్లాసు కొంచెము కదలునట్లు) ప్రతిజ్ఞ పలికెను. "సరేనమ్మా, నేనేం రాక్షసుణ్ణి కాదు. కానీ వానలొచ్చేలోగా సరుకు ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా. నెలాఖరు ఆదివారం వస్తా. అప్పటికి బయటివాళ్లు, మన చుట్టం కానివాళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు బుక్ చేసుకుని ఉంటే ఇల్లు నీ ఇష్టం. లేదంటే సోమవారం పొద్దున బస్తాలు దింపిస్తా."

అంతట టైలరమ్మ కుట్టుమిషనును గోడవైపు జరిపి, పాత ల్యాప్‌టాపును కత్తెర ప్రక్కన ప్రతిష్ఠించి, వెబ్‌సైటు నిర్మాణమను మహాయజ్ఞమునకు పూనుకొనెను. రెడీమేడుగా దొరకు నమూనాను తెచ్చి, ఒకరి జాకెట్టును మరొకరికి సరిచేసినట్లు, ఇక్కడ విప్పి అక్కడ బిగించి, పొడుగైన వాక్యములను మడిచి కుట్టి, రంగుల పొంతన చూచుకొని ఆమె చేసిన పనికి కంప్యూటరు చదువులు చదివినవారైనను ఔరా అందురు. చిత్రములు తీయు భారము మాత్రము హారన్‌పై పడెను. పడి విరిగెను. మొదటి చిత్రమునందు సరస్సు కలదు, దానికంటె పెద్దదిగా హారన్ బొటనవ్రేలు కలదు. రెండవ దానియందు, పడకగది అద్దములో, బనీనుతో ఫోను పట్టుకొని నిలిచిన హారన్ నిలువెత్తు విగ్రహము దర్శనమిచ్చుచుండెను.

"ఏమండీ, జనం అద్దెకి తీసుకునేది ఇంటినా, మిమ్మల్నా?"

"నేను ఫ్రీ అని రాసెయ్."

ఆమె రాయలేదు. మరల ఫోటోలు తానే తీసి, అన్నిటికి దిగువన ఒక క్యాలెండరును అమర్చెను. ఖాళీ దినములు పచ్చగా, ఎవరేని పుచ్చుకొన్న దినములు ఎర్రగా అందులో కనబడును. పుచ్చుకొన్నవారి పేర్లు యజమాని ఫోనునకు మాత్రమే చేరును. యజమాని ఫోనని ఆమె ఇచ్చినది భర్త నంబరు. ఎంతైనను మొగుడు గదా, నమ్మెను.

ఇక ప్రచారపర్వము. హారన్ తన వ్యాను వెనుక అద్దముపై వెబ్‌సైటు పేరును అతికించి, స్టాండు నడుమ నిలిచి, బాహువులెత్తి, "ఓ పథికులారా! సంసారజ్వాలాదగ్ధులారా! శీతలతరంగసమీరసేవ్యమానమగు మా మందిరమునకు వేంచేయుడు" అను భావము వచ్చునట్లు ఇట్లు అరచెను: "సరస్సు సరస్సు సరస్సు! రెండు గదులు, గాలి ఫ్రీ! వెనకద్దం మీదుంది చూస్కోండి, వెనకద్దం!"

ఒక ముసలమ్మ వచ్చి, సంచీ లోపల పెట్టి, ఎక్కి కూర్చుండెను. "సరస్సు దగ్గర ఆపు నాయనా."

"ఇది అటు వెళ్లదు మామ్మా. బుక్ చేసుకోవాలి."

"వెళ్లని చోటికి ఆ కేకలెందుకు మరి?" అని ఆమె దిగిపోయెను. తక్కిన జనమును అంతియే. వెనుక అద్దమును చదివినవారు హారన్‌ను దాటిపోలేక వెనుకబడి తిట్టుకొనుచున్న ద్విచక్రవాహనదారులు మాత్రమే. దినములు గడచెను. క్యాలెండరు పచ్చగానే ఉండెను. టైలరమ్మ పొద్దుటొకసారి, కుట్టు మధ్యలో పదిసార్లు దానిని తెరచి చూచి, ఏమియు అనక మూసివేయుచుండెను. ఏదైనను అని తిట్టినచో హారన్‌కు హాయిగా ఉండెడిది.

ఆ మౌనమును భరింపలేక అతడు తన వృత్తివిద్యను తలచికొనెను. ఖాళీ వ్యానును ఎవ్వరును ఎక్కరు. ఇది స్టాండులో అందరికి తెలిసిన సత్యము. లోపల నలుగురు కూర్చుండి విసుగుతో చేతిగడియారములు చూచుకొనుచున్నచో, బండి ఇదిగో కదలునని జనము ఎగబడుదురు. కావుననే డ్రైవర్లు ఒకరి బండిలో ఒకరు ప్రయాణికులవలె కూర్చుండి, అసలువారు ఎక్కినకొలది ప్రక్కతలుపు నుండి దిగిపోవుదురు. ఇంతటి మహావిద్యను వెబ్‌సైటునకు ప్రయోగించినచో తిరుగేమున్నది?

ప్రయోగించెను. ఫోనులోని చుట్టముల నంబర్లను ఒక్కొక్కటిగా వాడి, నెలాఖరు ఆదివారమునకు తరువాతి శని ఆదివారములను పిన్ని పేరను, పై వారము తోడల్లుని పేరను, ఆపై బావమరిది పేరను, మేనమామ పేరను, ఇట్లు సెలవులు ముగియువరకు బంధుసేనను వరుసగా కూర్చుండబెట్టెను. బస చేయ వచ్చినప్పుడు డబ్బు ఇచ్చినను చాలునను ఏర్పాటుండుటచే అడ్డు చెప్పువారు లేకపోయిరి. క్యాలెండరు ఆసాంతము ఎర్రబడెను.

"ఏమండీ," అని టైలరమ్మ ల్యాప్‌టాపు ముందు నిలుచుండిపోయి పిలిచెను. "నిండిపోయింది. అంతా నిండిపోయిందండీ."

ఆమె ముఖము అట్లు వెలుగగా హారన్ చూచి చాలకాలమాయెను. ఆమె తన చీరకని దాచుకొన్న నీలిగుడ్డను తీసి, ఆ పూటయే సరస్సు ఇంటికి పరదాలు కుట్ట మొదలుపెట్టెను. జాకెట్టు కొలతలకు వచ్చిన వారందరికి చెప్పెను. హారన్ నీళ్లు నమిలెను. నవ్వుచున్న పెళ్లామునకు నిజము చెప్పగల శూరుడు ఇంకను పుట్టలేదు. పుట్టినను వాడు వ్యాను నడుపడు. రేపో మాపో అసలు అతిథి రాకపోవునా, అప్పుడు అంతయు సర్దుకొనదా అని అతడు గుండె దిటవు చేసికొనెను.

వచ్చెను. నెలాఖరు ఆదివారమునకు ముందునాడు, వ్యాను సగము నిండి బయలుదేరబోవు వేళ, ఫోను మోగెను. అటువైపు ఒక స్త్రీ కంఠము.

"నమస్తే అండీ, సరస్సు దగ్గర ఇల్లు మీదేనా? నేను పక్షుల ఫోటోలు తీస్తుంటాను. వచ్చే శని ఆదివారాలు దొరుకుతుందేమోనని రోజూ చూస్తున్నా. ఎప్పుడు చూసినా అంతా ఎరుపే. మీకు గిరాకీ బాగున్నట్టుంది, వేరే ఎక్కడైనా చూసుకుంటాలెండి."

"ఆగండాగండి, ఒక్క సీటుంది."

"సీటేంటండీ?"

"ఇల్లండీ, ఇల్లు. సాయంత్రం దాకా ఆగండి, ఖాళీ చేయిస్తా."

అప్పుడు గాని ఆ శకటచోదకశిఖామణికి తాను పప్పులో కాలు వేసినట్లు బోధపడలేదు. వ్యానులో కూర్చున్నవారికి కనుసైగ చాలును. క్యాలెండరులో కూర్చున్నవారు కదలరు, అసలువారిని ఎక్కనీయరు. యజమాని అతిథిని గెంటరాదనియు, పేరున్నవారే తమ ఫోనునకు వచ్చు ఓటీపీ చెప్పి రద్దు చేసికొనవలెననియు ఆ వెబ్‌సైటు నియమము. గత్యంతరము లేక, రద్దు చేయు మీట ఎక్కడున్నదో అడుగుటకు, అతడు భార్యకే ఫోను చేసెను.

"ఎవర్ని రద్దు చెయ్యాలి?"

"పిన్నిని."

"మీ పిన్ని ఎందుకు బుక్ చేశారు?" అని ఆమె అడిగెను. జవాబుకు ఆగక మరల అడిగెను. "తర్వాతి వారం ఎవరు?"

"తోడల్లుడు."

"ఆ తర్వాత?"

"మీ తమ్ముడు."

అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగిపోయెను. "నేను పరదాలు కూడా కుట్టేశానండీ," అని ఆమె అనెను. అని, ఏడ్చెను. హారన్‌కు తల కొట్టేసినట్లాయెను. కొంతసేపటికి అతడు పక్షులావిడ సంగతి చెప్పగా, ఆమె ముక్కు చీది, సేనాధిపత్యము వహించి, "ఆవిడ నిజంగా బయటావిడేనా?" అని అడిగి, ఔనని తెలిసికొని, "అయితే నాతో మాట్లాడుతూ కూర్చోకండి. వెళ్లి పిన్నిని దించండి," అని ఆజ్ఞాపించెను.

పిన్నికి ఫోను చేయగా, "ఫోను చెవి దగ్గరుంటే మెసేజ్ ఎట్లా కనబడుతుందిరా" అని పెట్టివేసెను. ఇక ప్రత్యక్షసమరమే శరణ్యము. పొగలు గ్రక్కుచు, హారన్ మ్రోగించుచు, ఎక్కిన ప్రయాణికులు "ఇటెక్కడికయ్యా" అని మొత్తుకొనుచుండగా, ఆ నీలిరథము దారి తప్పి పిన్నిగారి వీథిలో జొరబడి, ఆమె గుమ్మము ముందు ఆగెను.

గుమ్మములోనే పెట్టె సర్దియుండెను. పెట్టెపై కొత్తచెప్పులు. వాటి ప్రక్కన దుర్భేద్యదుర్గమువలె పిన్ని.

"రా రా. ఇల్లు నా పేరున బుక్ అయిందని మెసేజ్ రాగానే, ఇంకా వారముంది కదా అనుకుంటూనే సర్దేశా. పిన్ని గుర్తొచ్చింది నీకు, అంతే చాలు. మా వీధిలో అందరికీ చెప్పాను, మావాడు సరస్సు దగ్గరికి పిలిచాడని."

యుద్ధమునకు వచ్చిన వీరునికి కత్తి దూయుటకు చేయి రాలేదు. ఆమెను మోసము చేసితినని హారన్‌కు అప్పుడే తెలిసెను. "పిన్నీ, అది… నిన్ను పిలవలేదు. ఖాళీగా కనబడకూడదని నీ పేరు పెట్టాను."

"అంటే, ఉత్తినే కూర్చోబెట్టావన్నమాట."

"అవును పిన్నీ."

"దిగను పో," అని ఆమె పెట్టెపై కూర్చుండెను. హారన్ బ్రతిమాలెను. గడ్డము పట్టుకొనెను. అన్నయ్య పందెము చెప్పెను, బస్తాలు చెప్పెను. పిన్ని గోడ వంక చూచుచుండెను. వెలుపల ప్రయాణికులు అతని ఆయుధముతోనే అతనిని కొట్టుచు, వ్యాను హారన్‌ను ఆపకుండ నొక్కుచుండిరి.

"నాకోసం కాదు పిన్నీ," అని చివరకు అతడు నేలపై చతికిలబడి అనెను. "దానికి నిజం తెలిసింది. ఏడ్చింది."

పిన్ని ఇటు తిరిగెను. "కోడలు ఏడ్చిందా? ఆ మాట ముందు చెప్పి ఏడవచ్చుగా. నీకోసమైతే చచ్చినా దిగేదాన్ని కాదు. ఏదీ, ఏం నొక్కాలి?"

ఓటీపీ వచ్చెను. అల్పాయుష్కురాలగు ఆ సంఖ్య ప్రాణములు నిలిచియుండగనే చదువవలెను. చదువుటకు కళ్లజోడు వలెను. కళ్లజోడు పెట్టె అడుగున కలదు. తువ్వాళ్లు, విసనకర్ర, స్వెట్టరు (ఇంత ఎండలో స్వెట్టరెందుకని అడుగుటకు అది సమయము కాదు), టార్చిలైటు గాలిలో ఎగిరిపడుచుండగా, కళ్లజోడు దొరకులోపల ఓటీపీ పరమపదించెను. రెండవది వచ్చెను. "ఆరు… కాదురా, తొమ్మిది. ఉండు, ఫోను తిరగేసి పట్టుకున్నా." అదియు అస్తమించెను. మూడవదానిని హారన్ ఫోను లాగికొని తానే చదివి నొక్కగా, సకలలోకములు ఊపిరి బిగబట్టి చూచుచుండగా, క్యాలెండరునందు రెండు చిన్న గడులు పచ్చబడెను. పక్షులావిడకు కబురు వెళ్లెను. సాయంకాలమునకు అవియే గడులు మరల ఎర్రబడెను.

మరునాడు సిమెంటుసార్వభౌముడు వచ్చి, తమ్ముని ఫోనును ముక్కుకు ఆనించుకొని పరిశీలించెను. "ఇక్కడ పిన్ని పేరు రద్దయి ఉంది, ఆ చోట ఈవిడెవర్నో పెట్టావు. నువ్వేదో తిరకాసు చేస్తున్నావు. ఈవిడ మన మేనత్త తరఫు కాదు కదా?" అని, తానే నంబరు నొక్కి, అందరు వినునట్లు స్పీకరు పెట్టెను.

"అమ్మా, సరస్సు దగ్గర ఇల్లు బుక్ చేసింది మీరేనా? మీరు మా తమ్ముడికి ఏమవుతారు?"

"ఏమవడమేంటండీ? ఏమీ కాను. ఆయనెవరో కూడా నాకు తెలీదు."

"మా మరదలికి?"

"ఆవిడకీ ఏమీ కానండి. రాత్రే డబ్బు కూడా కట్టేశాను, ఏమైనా తేడానా?"

"తేడా ఏం లేదమ్మా," అని ఆయన ఫోను పెట్టి, పైకండువా దులిపికొని, ఓడినవాడు ఒప్పుకొన్నట్లే ఒప్పుకొనెను. "ఇల్లు నీదేనమ్మా. బస్తాలకి ఇంకోచోటు చూసుకుంటాలే."

ఆ వేళ టైలరమ్మ చెవులకు, పుట్టి బుద్ధెరిగిన పిదప విన్న మాటలన్నిటిలో "ఏమీ కాను" అనునంత తీయని మాట మరొకటి లేదు. ఆమె ముందు బావగారికి టీ ఇచ్చెను, పిమ్మట భర్తకు ఇచ్చెను, ఇచ్చుచు నవ్వెను. కావున దిక్పాలకులారా, వినుడు! వ్యాను స్టాండు వాసులారా, వినుడు! బంధుసేనావ్యూహమును ఛేదించి, పిన్నిని దించి, మూడు ఓటీపీల రణరంగమును దాటిన ఆ దంపతులకు దిగ్విజయము సిద్ధించినది. ముక్కు మొగము తెలియని ఒక్క మనిషి, వారికి ఏమియు కాని ఒక్క మనిషి, వారి ఇంట రెండు దినములుండుటకు వచ్చుచున్నది!