పడవకి గాలి కార్డు

ఆ ఊళ్ళో గాలి రోజు విడిచి రోజు, పొద్దున్న ఆరున్నర నుంచి ఏడుంబావు వరకు వస్తుంది. అదీ గాలి కార్డులో పేరున్నవాళ్ళకే తగులుతుంది. కార్డుకి మూడు పేర్లు. కుళాయి నీళ్ళకి అలవాటుపడ్డ జనం కనుక దీనికి ఎవరూ పెద్దగా నొచ్చుకోలేదు. ఆరుంబావుకల్లా బట్టలు పిండుకుని డాబాలెక్కుతారు, ఏడుంబావు దాటగానే దిగిపోతారు. మరి ఊపిరి సంగతేమిటని మొదట్లో ఎవరో అడిగితే, అది వేరే శాఖ చూసుకుంటుంది, ఇక్కడ అడగరాదని ఆఫీసు గుమ్మం మీద బోర్డు పెట్టారు.

బుద్ధవరపు అచ్యుతం కాలవల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. ఎవరూ తవ్వని కాలవలకి ముప్ఫై ఏళ్ళు నక్షలు గీసి గీసి ప్రాణం విసిగి, నీళ్ళ మీదికి పోయే వస్తువు ఒక్కటైనా తన చేత్తో చెయ్యాలని నాలుగేళ్ళ కిందట పడవ మొదలుపెట్టాడు. మీటరు పొడుగు, రిమోట్‌తో నడిచే తెరచాప పడవ. సన్నటి చెక్క బద్దలు ఒకదాని పక్కన ఒకటి అతికించి, పైన ఫైబర్ పూత పూశాడు. ఒరిగిపోకుండా అడుగున వేలాడే సీసం గుండుని టైర్ల షాపువాడు చక్రాల తూకానికి వాడి పారేసిన సీసం ముక్కలు కరిగించి పోశాడు. తెరచాపకి ఆఫీసులో మిగిలిపోయిన డ్రాయింగ్ ఫిల్ము వాడాడు. దాని మీద సగం గీసి వదిలేసిన ఒక కాలవ ఇంకా కనబడుతూనే ఉంటుంది. పడవ పొట్టలో రెండు చిన్న మోటార్లు. ఒకటి చుక్కాని తిప్పుతుంది, రెండోది తెరచాప తాడుని లాగుతుంది, వదులుతుంది. రిమోట్‌లో ఉన్నవీ ఆ రెండు మీటలే. పడవని ముందుకి తొయ్యడం మాత్రం గాలి పని.

మొదటిసారి దాన్ని ఊరి మంచినీళ్ళ చెరువుకి తీసుకెళ్ళాడు. ఆరున్నరకి అచ్యుతం చొక్కా రెపరెపలాడింది, చేతిలో కాగితం ఎగిరిపోయింది. తెరచాప మాత్రం ఉతికి ఆరేసిన తువ్వాలులా వేలాడుతూ నిలబడింది. దానికి కార్డు లేదు. పడవని చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి నిబంధనల పుస్తకం తిరగేశాడు.

కదిలే వస్తువులని కార్డులో ఎక్కించుకోవచ్చునట. కాకపోతే ఒక పేరు తీసెయ్యాలి. వాళ్ళమ్మ పోయి ఆరేళ్ళయింది గానీ, పోయినవాళ్ళ పేరు తియ్యాలంటే వాళ్ళే స్వయంగా వచ్చి వేలిముద్ర వెయ్యాలి. అందుకని ఆవిడ వంతు గాలి ఇప్పటికీ వేళ తప్పకుండా హాల్లోని ఫోటోకి వస్తుంది. దండ ఊగుతుంది. వచ్చిన చుట్టాలు దణ్ణం పెట్టుకుంటారు. ఇక కూతురు వైదేహి బ్యాంకులో పనిచేస్తుంది, పొద్దున్నే స్కూటీ మీద పోయే పిల్లకి గాలి లేకపోతే ఎలా? తనా, ఇంటి యజమాని. ఇలా ఒక్కొక్కరినీ పక్కన పెట్టుకుంటూ వచ్చి, అచ్యుతం భార్య హైమవతి దగ్గర ఆగాడు. వంటింట్లో ఉండే మనిషికి గాలితో ఏం పని, పైగా పొయ్యి ఆరిపోతుంది అనుకున్నాడు. అందులో తప్పేమీ తోచలేదు. తరవాత చెప్పొచ్చులే అని, గోడ మీద రాసుకున్న కార్డు నంబరు చూసి దరఖాస్తు నింపాడు. కార్డు హైమవతి బీరువాలో ఉంటుంది. దాన్ని అతను తెరిచి చూసి ఎన్నేళ్ళయిందో.

గాలి ఆఫీసులో గుమస్తా సూర్యకుమారి దరఖాస్తు చదివి, రిజిస్టరు తిప్పి, మళ్ళీ దరఖాస్తు చదివింది.

"హైమవతి అనే పేరు ఈ కార్డులో లేదండి," అంది.

పొరపాటయి ఉంటుంది, మళ్ళీ చూడమన్నాడు అచ్యుతం.

"పదకొండేళ్ళ కిందట మీ అమ్మగారి పేరు ఎక్కించడానికి ఆవిడే తీయించుకున్నారు. స్వచ్ఛంద త్యాగం కింద రాశాం. సర్టిఫికెట్ కూడా తీసుకున్నట్టు సంతకం ఉంది, చూడండి."

చూశాడు. హైమవతి సంతకమే, చివరి అక్షరం కింద గీతతో సహా. మూడు పేర్ల కార్డులో ఇన్నేళ్ళూ తను నలుగురిని లెక్కపెట్టుకుంటున్నాడని అప్పుడు తట్టింది. తరవాత, తన పేరు కొట్టేసి ఆవిడ పేరు ఎక్కించమని అడిగాడు. కుదరదంది సూర్యకుమారి. వదులుకున్నవాళ్ళకి తిరిగి ఇస్తే ఆ త్యాగాన్ని అవమానించినట్టవుతుందని ఉత్తర్వు ఉందట. రోజుకి నలభై మందికి చెప్పే మాటలా చెప్పి, తరవాతి కాగితం అందుకుంది.

ఇంటికొచ్చేసరికి డాబా మీద బట్టలింకా తాడు మీదే ఉన్నాయి. అచ్యుతం వాటిని ఎన్ని వందల సార్లు చూసి ఉంటాడు! గాలి రోజున తన చొక్కాలు ఎగిరెగిరి పడేవి, హైమవతి చీరలు బిగుసుకుని నిలబడేవి. గంజి పెట్టిన నేతచీరలు కదా, బరువు, అనుకునేవాడు. పక్కపక్కన నిలబడి, "గాలి బాగుంది కదా," అని తను ప్రతిసారీ అనేవాడు. "బాగుందండి," అని ఆవిడ ప్రతిసారీ అనేది. పదకొండేళ్ళు. అతనికి సిగ్గేసింది.

హైమవతి వంటింట్లో గోంగూర వలుస్తోంది. చేతిలో దరఖాస్తు అలాగే పట్టుకుని వెళ్ళాడు. దాని మీద కొట్టెయ్యమని రాసిన పేరు ఆవిడకి కనబడే ఉంటుంది.

"ఎందుకు చెప్పలేదు?"

"అత్తయ్యగారు ఉక్కకి తట్టుకోలేకపోయేవారు. మీకు చెబుదామనే అనుకున్నానండి. ఈలోపు అలవాటైపోయింది." ఇంకో కట్ట విప్పింది. "ఇంతకీ పడవకి దొరికిందా?"

మర్నాడు అచ్యుతం తన పేరు తీయించుకున్నాడు. గుండ్రటి ముద్ర వేసి సర్టిఫికెట్ ఇచ్చారు. కుటుంబ యజమానితో సంబంధం అన్న చోట, పడవకి సరిపడే మాట ఏదీ ఆ జాబితాలో లేనందున, సూర్యకుమారి 'కుమారుడు' అని రాసింది.

తరవాతి గాలి రోజున మొగుడూ పెళ్ళాలిద్దరూ చెరువుకి వెళ్ళారు. ఆరున్నరకి తెరచాప నిండింది. పడవ ఓ పక్కకి ఒరిగి, నీళ్ళు చీల్చుకుంటూ చెరువు మధ్యకి దూసుకుపోయింది. నాలుగేళ్ళుగా అతను కళ్ళు మూసుకుంటే కనబడింది అదే. ఒక్క నిమిషం అలా పోనిచ్చాడు. తరవాత చుక్కాని తిప్పి, పడవని వెనక్కి రప్పించి, రాతి కట్టకి ఆనుకుని నడిపాడు. తెరచాప అంచు నుంచి జారిపోయే గాలి ఎవరి పేరునా ఉండదు. ఆ ముక్క నిబంధనల పుస్తకం చివర చిన్న అక్షరాల్లో ఉంది. ఆ జారిన గాలి మూరెడు దూరం పాకి, అడుగు మెట్టు మీదున్న హైమవతికి తగిలింది. పమిట కదిలింది. ఆవిడ ఉలిక్కిపడి చేత్తో అదిమి పట్టుకుంది. కాసేపటికి వదిలేసింది. పడవతోపాటు కట్ట వెంబడి నడుచుకుంటూ వెళ్ళింది, మళ్ళీ దాంతోనే వెనక్కి వచ్చింది. ఏడుంబావు దాకా అచ్యుతం పడవని ఒక్కసారి కూడా నడిమికి పోనివ్వలేదు.

నెల తిరిగేసరికి ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మీ పడవ గాలి కారుస్తున్నది, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. తయారీలో లోపం ఉందనీ, బాగుచేయిస్తున్నాననీ జవాబు రాశాడు. మళ్ళీ నోటీసు వస్తే అదే జవాబు మళ్ళీ రాశాడు. ఈలోగా కట్ట మీద ఆడవాళ్ళు తొమ్మిది మంది అయ్యారు. మూరెడేసి ఎడంతో, రేషన్ షాపు దగ్గర నిలబడ్డట్టు వరసగా నిలబడతారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. చివరన లంచ్ బ్యాగుతో సూర్యకుమారి కూడా ఉంటుంది. నోటీసులు టైపు చేసేది ఆవిడే.

"మా వైపు వచ్చేటప్పుడు కొంచెం మెల్లగా పోనిస్తారాండి?" అని ఒకరోజు అడిగింది. అచ్యుతం ఎడమ మీట వదులు చేసి తెరచాపని సడలించాడు.

ఆ పూట వైదేహి బ్యాంకుకి పోతూ, తల్లి మరిచి తనతో తెచ్చేసిన టిఫిన్ డబ్బా కోసం కట్ట పక్కన స్కూటీ ఆపింది. జుట్టు మొహం మీద ఎగిరి పడుతుంటే ఒక చేత్తో తోసుకుంటూ, తల్లి చేతిలోంచి డబ్బా అందుకుంది. అచ్యుతం రిమోట్ పట్టుకుని ఉన్నాడు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయి ఉంది.

"ఇవాళ గాలి బాగుంది కదా నాన్నా," అంది.

"బాగుందమ్మా," అన్నాడు అచ్యుతం.