ఊరంతా తుపాకులు, పోలీసుకి ఈల

పోలీసు చేతికి తుపాకి ఇవ్వకూడదు. ఊళ్ళో మిగతా మగవాళ్ళందరి భుజాలకీ తగిలించాలి. ఏ దేశమైనా బాగుపడాలంటే ఇంతకు మించిన మార్గం లేదని నా గట్టి నమ్మకం!

నవ్వకండి. ఊరికే నోటికొచ్చింది రాసే రకం కాదు నేను. యెమెన్ కొండల్లో మా హుస్న్ జాబిర్ ఊరి నాలుగు రోడ్ల కూడలిలో ముప్పయ్యేళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతున్నాను. షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచీ దించేదాకా నా కళ్ళెదుట జరిగేదంతా పోలీసులకీ జనానికీ మధ్య వ్యవహారమే. ఈ విషయంలో నాకు తెలిసినంత మా పోలీసు కల్నల్ గారికి కూడా తెలియదు.

మీ ఊళ్ళో ట్రాఫిక్ పోలీసు ఎలా మాట్లాడతాడు? "ఏయ్, బండి పక్కకి తియ్" అంటాడా, అనడా? లాఠీతో బానెట్ మీద ఒకటి వేస్తాడా, వెయ్యడా? అలాంటి మొరటుతనం మా దగ్గర మచ్చుకైనా కనబడదు.

మా ట్రాఫిక్ పోలీసు పేరు ముక్బిల్. నలభై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన యూనిఫాం, తెల్ల చేతొడుగులు, మెళ్ళో ఈల. అంతే సరంజామా. ఎదురుగా వచ్చేవాళ్ళలో పిల్లలూ ఆడవాళ్ళూ తప్ప అందరి భుజానా ఒక తుపాకి. ఆ తేడా వల్ల పుట్టిన సంస్కారం చూడండి. ఎవడైనా దారి తప్పి ఎదురు వస్తే ముక్బిల్ ముందు సలాం చెబుతాడు. తర్వాత ఒంట్లో ఎలా ఉందని అడుగుతాడు. పొలం ఎలా ఉంది, బావిలో నీళ్ళు పడ్డాయా, పెద్దాయన మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడుగుతాడు. అవన్నీ అయ్యాక గొంతు తగ్గించి అంటాడు: "అన్నా, ఈ రోడ్డులో ఇటువైపు నుంచి రాకూడదని ఒక నియమం ఉండేది. తమ దృష్టికి వచ్చిందో లేదో మరి."

"రాలేదు తమ్ముడూ," అంటాడు అవతలివాడు, వెళ్ళిపోతూ.

ఇంత మర్యాదస్తుడైన పోలీసు మీకు ఎక్కడ దొరుకుతాడు? జీతం పెంచితే వస్తుందా ఈ వినయం? ట్రైనింగ్ ఇస్తే వస్తుందా?

మేం చట్టం లేని మనుషులమనుకునేరు. ఆయుధాలతో ఊళ్ళో తిరగకూడదనే చట్టం మాకూ ఉంది. ఊరి మొగలో చెక్‌పోస్టు ఉంది. అక్కడ తుపాకి అప్పగించి, టోకెన్ తీసుకుని లోపలికి రావాలి. మేం తు.చ. తప్పకుండా పాటిస్తాం. అందుకనే ప్రతి ఇంట్లోనూ రెండు తుపాకులుంటాయి. అప్పగించడానికి ఒకటి, ఊళ్ళోకి తీసుకెళ్ళడానికి ఒకటి. అప్పగించేదానికి తుప్పు ఎంత పడితే అంత మంచిది, పోయినా బెంగ ఉండదు. నాది మా తాతగారిది, ట్రిగ్గర్ ఊడిపోయి ఏళ్ళయింది. పొలానికి వెళ్ళొచ్చినప్పుడల్లా దాన్నే పోలీసుల చేతిలో పెడతాను. వాళ్ళు కూడా ఎంతో గౌరవంగా రెండు చేతులా అందుకుంటారు. పోలీసుల రికార్డు ప్రకారం మా ఊళ్ళో ఒక్క తుపాకీ లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా కూడలికి ఆనుకునే ఆడపిల్లల బడి ఉంది. మధ్యాహ్నం బడి వదిలేసరికి రెండు వందల మంది పిల్లలు రోడ్డు దాటాలి. ముక్బిల్ కూతురు అర్వా కూడా వాళ్ళలో ఒకతె. తొమ్మిదేళ్ళది, వాళ్ళ నాన్న ఈల వినగానే నడక మార్చి పోలీసులా నడుస్తుంది. సరిగ్గా ఆ వేళకే బనీ కౌబాన్ తెగ కుర్రాడు హిజామ్ తన పికప్పులో బజారు నుంచి మత్తెక్కించే ఖాత్ ఆకు కట్టతో వస్తాడు. ఆకు వాడిపోకముందే ఇంటికి చేరి, దవడన పెట్టుకుని కూర్చోవాలి. అంత అర్జెంటు పని ఉన్నవాడికి బ్రేకు మీద కాలు పడుతుందా, మీరే చెప్పండి.

ముక్బిల్ రోజూ చెయ్యెత్తేవాడు. హిజామ్ రోజూ ఆ చేతిని రాసుకుంటూ పోయేవాడు. ఒకరోజు ముక్బిల్ ఈల గట్టిగా ఊదాడు. హిజామ్ బండి స్లో చేసి, కిటికీలోంచి తల బయట పెట్టి, "బాబాయ్, ఆ ఈల మేకలకి వెయ్యి, వింటాయి," అన్నాడు. అని, తుపాకి పైకెత్తి ఆకాశంలోకి రెండు కాల్చి వెళ్ళిపోయాడు. మా దుకాణంలో చత్వారం అద్దాలు చూసుకుంటున్న ముసలాయన ఉలిక్కిపడి ఫ్రేము విరగ్గొట్టాడు. ఆ అద్దాలు ఆయనకి బాగానే సరిపోయాయి కాబట్టి కొత్త ఫ్రేము వేసిచ్చాను.

ముక్బిల్ కల్నల్ దగ్గరికి వెళ్ళాడు. కల్నల్ ముతహర్ అనుభవజ్ఞుడు, తొందరపడే మనిషి కాదు.

"నీకు తుపాకి ఇస్తాననుకో ముక్బిల్, ఏం చేస్తావు? కాలుస్తావా? కాలిస్తే వాళ్ళ తరఫున నలభై మంది దిగుతారు. నువ్వు సముద్రపొడ్డు తిహామా నుంచి వచ్చినవాడివి. నీ తరఫున ఎవరొస్తారు, చేపలొస్తాయా?"

"నాకు తుపాకి వద్దు సార్. చెయ్యెత్తితే బండి ఆగితే చాలు."

"అది మాత్రం అడక్కు," అన్నాడు కల్నల్.

ఆ తర్వాత వారమే హిజామ్ బండి అర్వాని కొట్టింది. నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. చెయ్యెత్తి నిలబడ్డ తండ్రికి నాలుగడుగుల దూరంలో జరిగింది. ఎడమ కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ముక్బిల్ నోట్లో ఈల అలాగే ఉంది, కూతుర్ని ఎత్తుకుని ఆసుపత్రివైపు పరిగెడుతుంటే ఊపిరి తీసినప్పుడల్లా అది మోగింది. హిజామ్ బండి దిగి, "బ్రేకు వేశాను కదా, పడలేదు," అని చుట్టూ ఉన్నవాళ్ళకి చెబుతూ నిలబడ్డాడు.

ఇలాంటప్పుడు మీ దేశంలో ఏమవుతుంది? కేసు, కోర్టు, వాయిదా, మళ్ళీ వాయిదా. మా దగ్గర గంటలో తేలిపోయింది. ఆడపిల్ల ఒంటి మీద దెబ్బ పడితే కొట్టినవాడి తెగ మొత్తానికి మచ్చ. ఆ మచ్చతో వాళ్ళు బజార్లో తలెత్తుకోలేరు. అందుకని పిల్లకి ప్లాస్టర్ ఆరకముందే బనీ కౌబాన్ పెద్ద షేక్ నాజీ తన మేనల్లుడు హిజామ్‌ని వెంటబెట్టుకుని ముక్బిల్ ఇంటికొచ్చాడు. గుమ్మంలో ఎద్దుని కోయించాడు. ఎనిమిది తుపాకులు తెచ్చి ముక్బిల్ కాళ్ళ ముందు వరసగా పెట్టాడు.

అది మా ఆచారం. తుపాకులు కాళ్ళ ముందు పెట్టారంటే, తప్పు మాది, తీర్పు నీది అని అర్థం. దెబ్బ తిన్నవాడు ఏం చెబితే అదే శాసనం. రోజంతా ఈల ఊదినా ఒక బండి ఆపలేనివాడు, ఆ మధ్యాహ్నం ఒక తెగ మొత్తానికి న్యాయమూర్తి అయ్యాడు. పోలీసుకి ఇంత పెద్ద అధికారం ఇచ్చిన దేశం ఇంకోటుందా?

గది నిండిపోయింది. కల్నల్ వచ్చాడు, మసీదు పెద్ద వచ్చాడు, తేనె వ్యాపారి వచ్చాడు, ఇరుగుపొరుగు వాళ్ళం వచ్చాం. అందరం తుపాకులు గోడకి ఆనించి కూర్చున్నాం. తెర వెనక ముక్బిల్ భార్య తఖియ్యా, మంచం మీద అర్వా.

"చెప్పు ముక్బిల్, నాయనా," అన్నాడు షేక్ నాజీ. "డబ్బంటావా, ఎడ్లంటావా, ఈ తుపాకులు ఉంచేసుకుంటావా? నువ్వెంతంటే అంత."

ముక్బిల్ చేతొడుగులు మడతపెట్టి పక్కన పెట్టాడు.

"నాకేమీ వద్దు. ఏడాది పాటు, బడి వదిలేవేళ నేను చెయ్యెత్తితే మీ బనీ కౌబాన్ బళ్ళన్నీ ఆగాలి. పిల్లలు దాటేదాకా కదలకూడదు. ఇదే నా తీర్పు."

గదిలో ఖాత్ నమిలే దవడలన్నీ ఆగిపోయాయి. షేక్ నాజీ ముఖంలో రక్తం లేదు. ఎడ్లంటే మంద తోలుకొచ్చేవాడు, పొలమంటే రాసిచ్చేవాడు. ఆకుపచ్చ తలపాగా చుట్టిన మొగాడు, నడుముకి వంకీ కత్తి ఉన్నవాడు, నడిబజార్లో ఒక పోలీసు చేతికి ఆగడమా? అదీ ఏడాదా? అయినా ఆయన మాటంటే మాట. "తీర్పు శిరసావహిస్తున్నాం," అన్నాడు, కష్టం మీద.

ఇక్కడ మా ఆచారంలో రెండో భాగం మొదలవుతుంది. తీర్పు ఎంత కఠినంగానైనా చెప్పొచ్చు. చెప్పాక, వచ్చిన పెద్దల ముఖం చూసి తగ్గించాలి. తగ్గించకపోతే అతిథిని అవమానించినట్టు. అవమానపడ్డ అతిథి లేచి వెళ్ళేటప్పుడు గోడకి ఆనించింది చేతిలోకి తీసుకునే కదా వెళతాడు.

"నేనే స్వయంగా నడిచొచ్చాను. నా ముఖం చూసి సగం తగ్గించు," అన్నాడు షేక్.

"మీ ముఖం చూసి, ఆరు నెలలు."

"తెగంతా ఎందుకయ్యా, తప్పు చేసింది ఒక్కడు," అన్నాడు కల్నల్. "నా ముఖం చూసి హిజామ్ వరకు చాలించు."

"మీ ముఖం చూసి, హిజామ్ ఒక్కడే."

మసీదు పెద్ద తెల్లగడ్డం నిమురుకున్నాడు. ఆయన ముఖానికి ఆరు నెలలు ఒక నెల అయింది. తేనె వ్యాపారి, నిరుడు ముక్బిల్‌కి జలుబు చేస్తే అరసీసా తేనె పంపినవాడు, తన ముఖానికి నెలని వారం చేయించుకున్నాడు. ఎద్దుని తోలుకొచ్చిన నలుగురికీ కలిపి నాలుగు రోజులు పోయాయి.

తెర వెనక నుంచి తఖియ్యా గొంతు వినబడింది. "బయట గుమ్మంలో ఎద్దు తలకాయ కూడా ఉంది. దాని ముఖం చూసి కూడా ఏమైనా తగ్గించాలేమో అడగండి."

ఆడవాళ్ళకి ఆచారాల లోతు తెలియదని మసీదు పెద్ద నెమ్మదిగా దగ్గాడు.

మూడు రోజులు మిగిలాయి. అప్పుడు అందరూ నావైపు చూశారు. నేను ఇంకా ఏమీ అడగలేదు. అడగకపోతే, ఈయన ముఖానికి విలువ లేదా ఏమిటి అనుకుంటారు. పాఠకులారా, నాకేమీ ఆ మూడు రోజుల మీద ద్వేషం లేదు. ముక్బిల్ నాకు ఎనిమిదేళ్ళుగా పొద్దుటి టీ నేస్తం. కానీ మర్యాద అనేది ఒకటుంటుంది కదా.

"మూడు రోజులెందుకులే ముక్బిల్," అన్నాను. "నా ముఖం చూసి ఒక్కరోజు చెయ్యి."

ముక్బిల్ నావైపు తిరిగాడు. "నువ్వూనా అన్నా?" అన్నాడు. తర్వాత, "సరే. నీ ముఖం చూసి," అన్నాడు.

ఒక్కరోజంటే ఒక్కసారి అని కల్నల్ కాగితం మీద రాయించాడు. ఎనిమిది తుపాకులూ ముక్బిల్ గౌరవంగా తిరిగి ఇచ్చేశాడు. షేక్ అతని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. ఎద్దు మాంసం అందరం తిన్నాం, బాగుంది.

నలభై రోజులకి, అర్వా కర్రల మీద బడికి వెళ్ళడం మొదలెట్టిన శనివారం, తీర్పు అమలు చేశారు. ఊరంతా వచ్చింది. మిద్దెల మీద కూడా జనం. బడి గంట కొట్టారు. ముక్బిల్ చెయ్యెత్తాడు. హిజామ్ పికప్పు ఆగింది. వాడు మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు. వాడి వెనక ఉన్న బళ్ళు కూడా దారిలేక ఆగాయి. ఒక్క హారన్ లేదు.

అర్వా చంకల్లో కర్రలు పెట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ దాటింది. వెనకాల రెండు వందల మంది పిల్లలు. ఎవరూ పరిగెత్తలేదు. ఆ రోడ్డు మీద ఆడపిల్లలు నడిచి దాటడం ముప్పయ్యేళ్ళలో నేను చూడటం అదే మొదటిసారి. నా కళ్ళు చెమ్మగిల్లాయని ఒప్పుకోడానికి సిగ్గుపడను.

ఆఖరి పిల్ల కూడా దాటేసింది. ముక్బిల్ చెయ్యి దించలేదు.

"చాలు ముక్బిల్, దించు," అన్నాడు కల్నల్.

ముక్బిల్ ఇంకాసేపు అలాగే ఉంచాడు. జనంలో ఎవరో తుపాకి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్న చప్పుడైంది. అప్పుడు దించాడు.

ఆదివారం నుంచి అంతా మామూలే. ముక్బిల్ చెయ్యెత్తుతాడు, పికప్పు పోతుంది, పిల్లలు చేతులు పట్టుకుని ఒక్క పరుగున దాటతారు. అర్వా పరిగెత్తే స్థితిలో లేదు కాబట్టి తండ్రే వచ్చి ఎత్తుకుని దాటిస్తాడు. నా దుకాణానికి టీకి రావడం మానేశాడు, తీరిక ఉండటం లేదేమో.

ఇప్పుడు చెప్పండి, మా ఏర్పాటులో లోపం ఎక్కడుంది? మా ఊళ్ళో బండి ఆగదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తప్పకుండా ఆగుతుంది. ఒక కాలికి ఒకసారి చొప్పున ఆగుతుంది.

మా మనవరాలు రదియ్యా ఈ ఏడే ఆ బడిలో చేరింది. ఆరేళ్ళది. దానికి రెండు కాళ్ళూ చక్కగా ఉన్నాయి.