మోకాలి పక్కన మణికట్టు

ఆ దేశంలో ఎముక విరగ్గొట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ విషయంలో ప్రభుత్వం ప్రజలకు సంపూర్ణ స్వేచ్ఛ ఇచ్చింది. విరిగిందో లేదో తెలుసుకోవడానికి మాత్రం రెండు మార్గాలు ఏర్పాటు చేసింది. సర్కారు ఆసుపత్రిలో ఎక్స్‌రే ఉచితం, కాకపోతే అది తీసే రోజు దాకా మనం బతికుండాలి. ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే తక్షణం, కాకపోతే డబ్బు కట్టిన తర్వాత కూడా బతకాలి. ఏ మార్గం ఎంచుకోవాలన్నది పూర్తిగా రోగి ఇష్టం. (ఇష్టాన్ని మూడు ప్రతుల్లో రాసివ్వాలి.)

దర్జీ ఆవిడకు ఈ సంగతులేవీ తెలియవు. ఆ దేశానికొచ్చి తొమ్మిదేళ్ళయినా ఆమె ఎముకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మంగళవారం పొద్దున అంచులు కుట్టిన కర్టెన్ల మూట చంకలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే, అప్పుడే ఎవరో తడిగుడ్డతో తుడిచిన మెట్టు మీద కాలు జారింది. మూటకేం కాలేదు. కుడి మణికట్టు మధ్యాహ్నానికల్లా పొంగిన రొట్టెలా తయారైంది.

ఆమె భర్త గోదాంలో సామాను పెట్టెల్లో సర్దే పని చేస్తాడు. ఏది చేతికిచ్చినా అటూ ఇటూ తిప్పి చూడటం ఆయనకు అలవాటు. పెళ్ళాం చేతినీ అలాగే తిప్పి చూశాడు.

"నొప్పిగా ఉందా?"

"మీరు తిప్పుతుంటే ఉంది."

"తిప్పకపోతే?"

"తిప్పకపోయినా ఉంది. తిప్పితే మీ మీద కోపం కూడా వస్తోంది."

దుకాణం యజమానురాలు చెడ్డ మనిషేం కాదు. చెయ్యి విరిగిందని శుక్రవారంలోగా కాగితం తెస్తే ఆరు వారాలు జీతంతో సెలవిస్తానంది. కాగితం లేకపోతే చెయ్యి విరగనట్టేనంది. మందుల షాపులో అమ్మాయేమో, లోపల ఎముక గనక చిట్లి ఉండి, ఆ చేత్తోనే కత్తెర పట్టారంటే, ఇక జన్మలో సూదిలోకి దారం ఎక్కించలేరని చల్లగా చెప్పింది. ఆ చేతి మీదే ఆమె ఇంత ఇల్లు నెట్టుకొచ్చింది. అందుకని బుధవారం పొద్దున్నే మొగుడూ పెళ్ళాం సర్కారు ఆసుపత్రికి వెళ్ళారు.

రెండున్నర గంటల తర్వాత వాళ్ళ నంబరు వచ్చింది. అద్దం వెనక ఉచిత చెల్లింపుల ఉప పర్యవేక్షకురాలు కూర్చుని ఉంది.

"రుసుము సున్నా. కార్డా, నగదా?"

"సున్నాకి కార్డెందుకండీ?" అన్నాడాయన.

"నగదైతే సరిపడా ఇవ్వాలి. నా దగ్గర చిల్లర లేదు."

ఆయన కాసేపు ఆలోచించి, అద్దం కింది కంతలోంచి ఖాళీ అరచెయ్యి లోపలికి చాపాడు. ఆవిడ ఆ ఖాళీని రెండుసార్లు లెక్కపెట్టి, సరిపోయిందని రసీదు కొట్టింది. (కౌంటరు వదిలి వెళ్ళాక తక్కువైందంటే ఒప్పుకోబడదని వెనకవైపు అచ్చు వేసి ఉంది.)

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి."

దర్జీ ఆవిడ పళ్ళు బిగించి సంతకం పెట్టింది. అది సిరాలో పడ్డ చీమ ఒడ్డుకి పాకినట్టు వచ్చింది.

"ఇది మీ సంతకంలా లేదే."

"చెయ్యి బాగుంటే అలాగే పెడతానండీ. చెయ్యి బాగుంటే ఇక్కడికెందుకొస్తాను?"

"అది విచారణ కౌంటర్లో అడగాలమ్మా."

ఆఖరికి జాలిపడి తేదీ ఇచ్చింది. వచ్చే సంవత్సరం మార్చి పద్నాలుగు, ఉదయం ఏడుంపావు, పరగడుపున.

"చేతికి పరగడుపేమిటండీ?"

"నియమం అందరికీ ఒకటే."

"అది కాదమ్మా, అప్పటికి విరిగిన ఎముక దానంతటదే అతుక్కుపోదూ?" అన్నాడాయన.

"తొంభై శాతం మందికి అలాగే నయమవుతోంది," అంది ఉప పర్యవేక్షకురాలు, వెనక అలమరలో ఉన్న ఇత్తడి కప్పు చూపిస్తూ. "పోయినేడు ఉత్తమ విభాగం బహుమతి మాకే వచ్చింది."

గురువారం ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ వీధి గుమ్మం నుంచే తివాచీ పరిచి ఉంది. నడిచినంతసేపూ "ఇదంతా మన డబ్బే, మెత్తగా అడుగెయ్యి" అని ఆయన గొణుగుతూనే ఉన్నాడు. ఆప్యాయతా అధికారి ఎదురొచ్చి, కుర్చీ జరిపి, ధరల పట్టిక చేతికిచ్చాడు. గదిలో వెలుతురుకు ఇంత. ఎక్స్‌రే తీసేటప్పుడు ఆ వెలుతురు ఆర్పినందుకు ఇంత. చెయ్యి బల్ల మీద పెట్టుకోవడానికి ఇంత. చెయ్యి వెనక్కి తీసుకోవడం ఐచ్ఛికం.

"తీసుకోకపోతే?"

"మామూలుగా అందరూ తీసుకుంటారండీ," అన్నాడు అధికారి ఆప్యాయంగా.

ఆమె చెయ్యి పెన్ను పట్టే స్థితిలో లేదు గనక ఆయన కార్డు ఇచ్చాడు, ఆయనే సంతకం పెట్టాడు. పెడుతూ పెడుతూ పట్టిక అడుగున ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. ధర ఫిల్ముకు మాత్రమేనట. ఫిల్ములో ఎంత చోటు వాడుకుంటారన్నది వినియోగదారుడి ఇష్టమట.

ఎక్స్‌రే గదిలో దర్జీ ఆవిడ పలక మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుంది. పక్కన ఏదో చప్పుడైతే తెరిచింది.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

"ప్యాంటు మడుస్తున్నా."

"ఎందుకు?"

"చూడు, సగానికి సగం ఖాళీ. ఇంత ఖాళీతో పెట్టె కడితే మా గోదాం గుమ్మం దాటనివ్వరు."

"ఇది పెట్టె కాదు, నా చెయ్యి."

"నీ చెయ్యి నువ్వు పెట్టుకోవే, ఎవరొద్దన్నారు? మిగతా చోట నా మోకాలు. చలికాలం నుంచీ టకటకమంటోంది. కొంచెం అటు జరుగు."

ఎక్స్‌రే తీసే అతను గోడకు చేరగిలబడి చూస్తున్నాడు. "బాబూ, ఇలా పెట్టొచ్చా?" అని దర్జీ ఆవిడ అడిగింది.

"ఫిల్ము మీరు కొన్నదమ్మా. ఎవరి ఎముకలు పెట్టుకుంటారో మీ కుటుంబ విషయం. ఇద్దరూ ఊపిరి బిగపట్టండి."

ఇద్దరూ బిగపట్టారు. సర్దడం మాత్రం బాగా కుదిరింది. మణికట్టుకూ మోకాలికీ మధ్య దారం పట్టేంత సందు కూడా లేదు.

ఎముకల వైద్యుడు ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆశ్చర్యపోలేదు. వాళ్ళు కట్టిన ప్యాకేజీలో ఆశ్చర్యం లేదు.

"మోకాలు వయసుకు తగ్గట్టే ఉంది," అన్నాడు ఆయనతో. "దాని పక్కనున్న మణికట్టు చిట్లింది. మోకాలికి మరీ దగ్గరగా ఉండటం వల్ల కావచ్చు. ఆరు వారాలు విశ్రాంతి. గిన్నెలు తోమకండి, బట్టలు పిండకండి, బరువులెత్తకండి."

"నేను అవేమీ చెయ్యనండీ," అన్నాడాయన నిజాయితీగా.

"మంచి అలవాటు. కొనసాగించండి."

"డాక్టరుగారూ, అది నా చెయ్యండీ," అంటూ దర్జీ ఆవిడ ఉబ్బిన చెయ్యి ఎత్తి వైద్యుడి ముఖం ముందు పెట్టింది. వైద్యుడు దాన్ని మర్యాదగా పక్కకి జరిపాడు.

"మేము ఫిల్ము చూసే వైద్యం చేస్తామమ్మా. రోగిని కూడా చూస్తే నిష్పాక్షికంగా ఉండలేం. ఒక ఫిల్ముకు ఒక రోగి. రోగి అంటే చెల్లించినవారు."

"పోనీ, ఇంకో ఫిల్ము తీయించుకుంటాను."

"ఆ మణికట్టు ఇప్పటికే మీవారి పేరున నమోదైపోయింది. ఒకే ఎముకను ఇద్దరు వాడుకుంటామంటే కంప్యూటరు ఊరుకోదు. యాజమాన్య బదిలీకి దరఖాస్తు పెట్టుకోండి. ముందు మీవారి చేతులు రెండూ బాగున్నాయని రుజువు కావాలి. దానికి నాలుగు ఫిల్ములు. అప్పుడు మీకొకటి."

ఆయన కార్డులో ఇక మిగిలింది బస్సు చార్జీ. ఇద్దరూ ఆ తివాచీ మీదే మెత్తగా నడిచి బయటికొచ్చారు.

శుక్రవారం దర్జీ ఆవిడ, వైద్యుడు ఆయన పేరున రాసిచ్చిన కాగితమే దుకాణానికి తీసుకెళ్ళింది. వేరే కాగితం లేదు మరి. యజమానురాలు కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివింది. చదివి, నొచ్చుకుంది.

"అయ్యో, మీవారికి మణికట్టు చిట్లిందా? నాకు చెప్పనేలేదేం?"

"ఆయనకి కాదండీ, నాకు. అందులో ఉన్న చెయ్యి నాది. మోకాలే ఆయనది."

యజమానురాలు కాగితం ఇంకోసారి చూసింది. ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "కంగారులో ఏం మాట్లాడుతున్నావో నీకే తెలియడం లేదమ్మా. ఇలాంటప్పుడు ఇంటికి నీ సంపాదనే ఆధారం. సాయంత్రం పని కూడా నీకే ఇస్తాను. హోటలు వాళ్ళవి నలభై జతల పరదాలొచ్చాయి."

ఆయన మనసు ఒప్పుకోక, చెయ్యి తనది కాదని చెప్పడానికి గోదాంకి వెళ్ళాడు. మేస్త్రీ ఆసుపత్రి పంపిన నకలు ముందే చదివేసి ఉన్నాడు. చిట్లిన చేత్తో పెట్టె ఎత్తనిస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. జీతంతో సెలవు రాసిచ్చి, ఆరోగ్య తనిఖీ వాళ్ళు ఏ నిమిషంలోనైనా ఇంటికి రావచ్చనీ, ఒంటి మీద కట్టు లేకపోతే పద్దెనిమిదో నియమం కింద తమ ఇద్దరికీ నోటీసులొస్తాయనీ హెచ్చరించి పంపాడు.

సాయంత్రం పరదాల పని ముగించుకుని దర్జీ ఆవిడ ఇంటికొచ్చేసరికి, ఆయన కుర్చీలో కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బల్ల మీద కట్టు గుడ్డ చుట్ట ఉంది.

"నేను కట్టుకుందామంటే ఒక్క చేత్తో కుదరడం లేదే," అన్నాడు. "నువ్వు కట్టు."

ఆమె గుడ్డ ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఎడమచేత్తో చుట్టి ముడి వేసింది. వదులుగా ఉంటే ఎముక వంకరగా అతుక్కుంటుందని ఆయన రెండుసార్లు విప్పించి మళ్ళీ కట్టించుకున్నాడు.